కావుమనని కాకి

పొద్దున్నే ఎండ తగిలితే నెమలిదుర్గం కోట చూసేవాళ్ల కళ్లు జిగేలుమంటాయి. గోడలన్నీ నీలపు రాయి. బురుజు బురుజుకీ రాగిరేకు నెమలి ఒకటి, గాలి ఏ వైపు వీస్తే ఆ వైపుకి మెడ తిప్పుతూ ఉంటుంది. కోట పాదాల కింద తెల్లేరు పాలు పొంగినట్టు నురగలు కక్కుతూ పారుతుంది. ఏటి ఒడ్డున రాతిమెట్ల రేవు, రేవు మీద పదహారు స్తంభాల మంటపం, స్తంభం స్తంభానికీ చెక్కిన లతలు. ఎన్ని చెప్పినా ఇంకా మిగిలే ఉంటుంది ఆ కోట సొగసు.

అలాంటి కోటలో ఆ రోజు ఒక్క నెమలీ మెడ తిప్పలేదు. గాలి చచ్చిపోయింది. రేవు నిండా జనం ఉన్నారు గానీ పీనుగు లేచిన ఇల్లులా ఉలుకూ పలుకూ లేదు.

ఆ రోజు మేదినీరాయడి కర్మ. నెమలిదుర్గం ప్రభువు వేటకు పోయి, కొండ అంచు నుంచి జారి లోయలో పడి పోయాడు. ఆయనకు మగపిల్లలు లేరు. భార్య ఎప్పుడో కాలం చేసింది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు విరజాజి, తండ్రిలాగే సూటి చూపు, తండ్రిలాగే సూటి మాట. పిండం పట్టుకుని తడిబట్టలతో రేవు మెట్టు మీద నిలబడ్డవాడు గండమనాయకుడు. చనిపోయిన రాణికి తమ్ముడు, రాజ్యానికి దండనాయకుడు. గుండు చేయించుకున్న తల, వేలికి దర్భ ఉంగరం, మణికట్టుకు చుట్టిన తెల్లగుడ్డ.

మగబిడ్డ లేకుండా రాజు పోతే ఆ దేశంలో ఒక కట్టుబాటు ఉంది. గద్దె ఎవరిదో బతికున్నవాళ్లు తేల్చరు, పోయినవాడే తేలుస్తాడు. ఎవరి చేతి పిండాన్ని కాకి ముట్టుకుంటుందో వాడే రాజు. కాకి ముట్టలేదా, పోయినవాడి ప్రాణం ఎక్కడో తగులుకుని కొట్టుకుంటోందని లెక్క. అప్పుడు ఆఖరి గడియలో రాజు పక్కన ఎవరున్నారో వాళ్లు పొద్దుగూకే వేళకి కాగే నూనెలో చెయ్యి పెట్టాలి. చెప్పింది నిజమైతే చెయ్యి కమలదు. అబద్ధమైతే చేతితో పాటు తలకాయ కూడా పోతుంది.

ఆఖరి గడియలో రాజు పక్కన ఉన్నది గండమనాయకుడు ఒక్కడే.

పిండం అరిటాకు మీద పెట్టి ఎంతోసేపయింది. కాకులు లేవా అంటే ఉన్నాయి. ఏటికి అవతల చింతతోపు నల్లగా కనిపిస్తోంది. ఆకులు కావవి, కాకులు. కొమ్మకు కొమ్మంతా కాకులే. ఒక్కటీ కూయదు, ఒక్కటీ కదలదు. అన్నీ ఇటే చూస్తున్నాయి.

"పనసపొట్టు కూర వేశారా?" అని అడిగింది రాజుగారి పెద్దమ్మ దేవసాని. పండు ముసలిది, చెవులు సరిగా వినపడవు, మాట మాత్రం కోటంతా వినపడుతుంది. "అది లేందే వాడికి ముద్ద దిగేది కాదు."

"వేశామమ్మా," అన్నాడు పురోహితుడు.

"ఆవ పెట్టారా?"

"పెట్టారమ్మా."

"అయితే ఉప్పు ఎక్కువైంది. ఆ వంటవాడి చెయ్యి సంగతి నేను చెప్తూనే ఉన్నా, వింటేగా!"

ఇంకో రోజైతే నవ్వేవాళ్లు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మంత్రి బొప్పన ముందుకొచ్చి చేతులు జోడించాడు. "ప్రభూ, మీరు మొదలుపెట్టించిన తూర్పు కాలవ ఆపం. మా తలలు తాకట్టుపెట్టయినా పూర్తి చేయిస్తాం. వచ్చి ముట్టుకోండి."

కాకులు కదల్లేదు.

విరజాజి ఒక మెట్టు దిగింది. "నాన్నా, నీ గుర్రాన్ని ఎవ్వరికీ ఇవ్వను. నేనే మేపుతా, నేనే కడుగుతా. ఇంకేం కావాలి నీకు?"

కాకులు కదల్లేదు.

అప్పుడు బొప్పన గండమనాయకుడి వైపు తిరిగాడు. "నాయకా, ఆఖరున మీ బావగారు మిమ్మల్ని ఏదో ఒకటి అడిగే ఉంటారు. ఆ మాటేదో చెప్పండి. అది తీరుస్తామని అందాం. కోరిక తీరకే కదా కాకి రానిది!"

అందరి కళ్లూ అతని మీద వాలాయి.

అడిగాడు, నిజమే. కొండ అంచున వేలాడుతూ, ఒక్క చెయ్యి గండమనాయకుడి చేతిలో పెట్టి, "గండా, పట్టుకోరా" అన్నాడు మేదినీరాయడు. అంతకుముందు రెండు యుద్ధాల్లో ఆ రాజును భుజాన వేసుకుని బయటపడేసినవాడు గండమనాయకుడు. రాజు మీద పడాల్సిన కత్తివేటు ఇతని వీపు మీద ఇప్పటికీ వాతలా ఉంది. ఆంబోతును కొమ్ములు పట్టి నిలేసే చెయ్యి అది, ఒక మనిషి బరువు దానికి లెక్కే కాదు. కానీ సరిగ్గా ఆ క్షణంలో, రాజు తలకు అవతల, లోయకు అవతల, నెమలిదుర్గం కనిపించింది. అంత పెద్ద కోట అంత దూరం నుంచి ఎంతో చిన్నగా, అరచేతిలో పట్టేటంత ముద్దుగా మెరుస్తోంది. ఇదంతా కాపాడింది నేను, ఏలేది ఇంకొకడు అనిపించింది. ఒక్కసారే అనిపించింది. వేళ్లు విప్పాడు.

"నీళ్లు అడిగాడు," అన్నాడు గండమనాయకుడు.

విరజాజి కళ్లలో నీళ్లు తిరిగాయి. రాగిచెంబుతో ఏటినీళ్లు ముంచి, "తాగు నాన్నా, తాగు" అంటూ పిండం పక్కన ధారగా పోసింది. చింతతోపులో కాకులన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగి కూర్చున్నాయి. అన్నీ, ఒకే ఊపున. 

"పొద్దు వాలేదాకా చూద్దాం," అన్నాడు బొప్పన గొంతు తగ్గించి. "ఆ తర్వాత కట్టుబాటు ప్రకారం నూనె పెట్టక తప్పదు."

"అందాకా నేను మంటపం వెనక గదిలో మౌనంగా కూర్చుంటాను," అన్నాడు గండమనాయకుడు. "ఎవ్వరూ రావద్దు. తలుపు తియ్యొద్దు."

తలుపు మూసుకున్న కాసేపటికే వెనక కిటికీ లోంచి ఒక పిట్టలు పట్టేవాడు ఏటిగట్టు మీదికి దూకాడు. తలకు మాసిన గుడ్డ, భుజాన ఉచ్చులు, వెదురు బుట్ట. కింద తుంగలో గుండ్రటి వెదురు పుట్టిని పట్టుకుని బైచన్న కాచుకుని ఉన్నాడు.

బైచన్నకూ గండమనాయకుడికీ నెత్తురు చుట్టరికం లేదు గానీ పాల చుట్టరికం ఉంది. ఇద్దరూ ఒకే తల్లి రొమ్ము తాగారు. బైచన్న తల్లే గండమనాయకుడికి పాలిచ్చి పెంచింది. నవ్వుమొహం, ఎత్తుపళ్లు, వంకర నడక. "అన్న చెప్పినాడు" అంటే చాలు, నిప్పుల్లో నడుస్తాడు.

"ఏందన్నా ఈ ఏసం!" అన్నాడు బైచన్న. "కర్మ చేసేటోడు రేవు దాటగూడదంట గదా. ఆ అయ్యవారు చూస్తే పిండం మన నెత్తికేసి కొడతాడు."

"గూబలగండికి పోవాలి. పద."

బైచన్న నవ్వు ఆగిపోయింది. ఆ పేరు చెబితే ఏడ్చే పిల్లలు నోరు మూసుకుంటారు. కొండల నడుమ ఎండ పడని సందు అది. అక్కడ ఘూకనాథుడనే మాంత్రికుడుంటాడు. జనం గూబలయ్య అంటారు. రెక్కలున్న ఏ ప్రాణైనా అతని మాట జవదాటదని చెప్పుకుంటారు.

"కాకి కోసమా?" అన్నాడు బైచన్న. తెడ్డు అందుకుని, "సరే పా. నీ చెయ్యి నూనెలో కాలతా ఉంటే నేను చూడలేను. నా చెయ్యి పెట్టనిస్తారేమో మంత్రిగారిని అడుగుదామనుకున్నా పొద్దున. నాకెట్టా ఎడం చెయ్యి పెద్దగా పనికిరాదు గదా!" అన్నాడు.

గండమనాయకుడు పుట్టిలోకి ఎక్కి కూర్చున్నాడు. పుట్టి నీటి మధ్యకు పోయింది.

తెల్లేరు మలుపులో ఒక సుడి ఉంది. ఏనుగు పడినా దంతం తేలదంటారు. పుట్టి ఆ సుడి అంచు తగిలి గిర్రున తిరిగింది. ఆకాశం, కొండ, నీళ్లు అన్నీ కలిసి ఒకటే చారగా అయిపోయాయి. తెడ్డు పుటుక్కున విరిగింది. బైచన్న నడుముకున్న తాడు విప్పి, కొసకు ఉచ్చు వేసి విసిరాడు. అది ఒడ్డున వంగిన మద్దిచెట్టు కొమ్మకు పడింది. పళ్లతో తాడు పట్టి, చేతులతో లాగి, అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా వదల్లేదు. పుట్టి సుడిలోంచి ఊడి ఇసకలోకి దూసుకుపోయి బోర్లాపడింది.

"బతికినాం," అన్నాడు బైచన్న ఇసక ఉమ్ముతూ. "ముందు దవడ ఉండాదో లేదో చూడన్నా."

లేచి నడిచారు. ఇసక దాటితే ఎండిన బండ, బండ దాటితే కొండదారి. కొంత దూరం పోయాక బైచన్న నిలబడిపోయాడు.

"అన్నా. ఒకసారి ఎనక్కి చూడు. మనం ఇద్దరమే గదా వచ్చింది?"

కాళ్లకంటిన ఇసక రాలి బండ మీద అడుగులు పడ్డాయి, వరసలు మాత్రం మూడున్నాయి. ఒకటి గండమనాయకుడిది, ఒకటి బైచన్న వంకర నడకది, మూడోది గండమనాయకుడి పక్కనే, భుజం భుజం రాసుకునేంత దగ్గరగా.

"నీవే అయ్యుంటాయి. తిన్నగా నడవడం ఎప్పుడు నేర్చుకున్నావు గనక?"

"నా కాళ్లకి చెప్పులుండాయి గదన్నా. ఇయ్యి ఉత్త కాళ్లు." బైచన్న వంగి వేలితో తాకాడు. ఎండకు కాలిపోతున్న బండ మీద ఆ అడుగులు తడిగా ఉన్నాయి. వాళ్లు నిలబడి చూస్తుండగానే ముందుకు ఇంకో తడి అడుగు పడింది.

బైచన్న చేతులు జోడించాడు. భయపడలేదు. "రాజుగారే అయ్యుంటాడులే. నువ్వంటే పానం గదా ఆయనకి. నీ చేతిలోంచి జారిపోయినాడని నువ్వెంత కుమిలినావో పైనుంచి చూసుంటాడు. పాపం, తోడొస్తాండాడు."

గండమనాయకుడి మణికట్టు చుట్టూ చల్లని వేళ్లు బిగుసుకున్నట్టయింది. అదిరిపడి గుడ్డ సర్దుకున్నాడు. ఆ గుడ్డ కింద అయిదు నీలపు మచ్చలున్నాయి. రోజూ చూస్తాడు, రోజూ ఇంకాస్త నల్లబడుతున్నాయి.

గూబలగండిలో అడుగుపెట్టేసరికి పట్టపగలే సందెచీకటి కమ్మింది. రెండు పక్కలా నింగినంటే నల్లరాతి గోడలు. ఆ గోడల నుంచి పాముల్లా వేలాడే ఊడలు. ప్రతి బొరియలోనూ రెండేసి పచ్చని దీపాలు. దీపాలని దగ్గరికి పోతే అవి కళ్లు. గుడ్లగూబలు! పిడికెడంత పిల్లల నుంచి గొర్రెపిల్లనెత్తుకుపోయే పోతుల దాకా వందలకు వందలు. రెక్కల చప్పుడు లేకుండా ఒకదాని తర్వాత ఒకటి మీదికి దిగాయి. గోరు తగిలి బైచన్న చెవి చిట్లింది. గండమనాయకుడు భుజాన ఉన్న ఉచ్చుల కట్ట విప్పి సుళ్లు తిప్పుతూ దారి చేశాడు. ఇద్దరూ తలలు వంచి పరుగెత్తి ఒక గుహ నోట్లో పడ్డారు.

"ఒకడే రా," అంది లోపల్నించి ఒక గొంతు. "ఎవురికి పని ఉందో వాడే రా."

బైచన్నను బయట కూర్చోబెట్టి గండమనాయకుడు లోపలికి పోయాడు. ఈకల గుట్ట మీద ఒక ముసలివాడు కూర్చుని ఒక గూబపిల్ల తల నిమురుతున్నాడు. ఒళ్లంతా బూడిదరంగు, గుండ్రటి కళ్లు, ఆ కళ్లకు రెప్పపాటు లేదు.

"ఏసం బాగానే ఉంది నాయకా," అన్నాడు ఘూకనాథుడు. "గానీ పిట్టలు పట్టేటోడి చేతికి ఉచ్చుతాడు కోతలుంటాయి. నీ చేతికి ఎవురో పట్టుకున్న ఏళ్ల గుర్తులుండాయి. ఉప్పేసి రుద్దినా పోవుగానీ, కూర్చో."

"కాకులెందుకు రావడం లేదు?"

"ఆ కొండ మీద కాకులు లేవనుకున్నావా? చూసినాయి. చూసినోళ్లు వచ్చి నీ కూడు తింటారా?"

గండమనాయకుడు కత్తి మీద చెయ్యి వేశాడు. ముసలివాడు గూబపిల్లను నిమరడం ఆపలేదు.

"చూడని కాకి ఒకటి కావాల నీకు. చేసిస్తా. ఇదిగో, ఈ సొరబుర్రలో నీళ్లుండాయి. నిన్ను మచ్చుకైనా అనుమానించని మనిషి ఒకడు నీ చేత్తో ఇస్తే ఇది తాగాల. తాగినోడు కాకైపోతాడు. నీ మాట తప్ప ఇంకేమీ గుర్తుండదు. పిండం ముట్టుకోమంటే ముట్టుకుంటాడు."

గండమనాయకుడు సొరబుర్ర వైపు వంగాడు. "మళ్లీ మనిషవుతాడా?"

"ఎందుక్కాడు! రెండు ముళ్లు ఉండాయి. వాడి పేరు ఒక ముడి. పేరు పెట్టి పిలిస్తే గొంతొస్తుంది. కొండ మీద నువ్వేం చేసినావో అది రెండో ముడి. పొద్దుగూకకముందే పదిమందిలో ఆ మాట చెప్పినావంటే ఒళ్లూ వస్తుంది. అబద్ధంతో ఏసిన ముడి నిజంతోనే ఊడుతుంది. చెప్పలేదనుకో, పొద్దుగూకినాక ఆ కాకి నాది. నా పిల్లోళ్లు ఆకలి మీదుండారు."

ఒళ్లోని గూబపిల్ల నోరు తెరిచి మూసింది.

"ఇంకో దారి లేదా?"

"లేకేం! నూనెలో చెయ్యి పెట్టు. లేదంటే రేవులో నిలబడి ఆ ఒక్క మాట చెప్పి తల వంచు. ఆ రెండు దార్లకీ నన్ను అడగబన్లేదే? ఇంత దూరం ఎందుకొచ్చినావు నాయకా?"

గండమనాయకుడు సొరబుర్ర అందుకున్నాడు. కిరీటం తల మీద పడ్డాక చెప్తే ఏం, రాజు మాటకు ఎదురు చెప్పేదెవరు, అప్పుడు చెప్పి వీణ్ని మనిషిని చేసుకుంటాను అనుకున్నాడు. అలా అనుకోగానే అడుగు తేలికైంది. తప్పు చేసేవాడికి ఎప్పుడూ తర్వాతి గడియ ఒకటి అందుబాటులో ఉంటుంది.

బయట బైచన్న చిట్లిన చెవిని గుడ్డతో అదుముకుని కూర్చున్నాడు. "ఒప్పుకున్నాడా గూబలయ్య?"

"ఒప్పుకున్నాడు. ముందు నీళ్లు తాగు. దవడలు పీక్కుపోయాయి నీకు."

బైచన్న బుర్ర అందుకుని మళ్లీ చాచాడు. "నువ్వు తాగన్నా ముందు. పొద్దున్నించి కటిక ఉపాసం గదా నువ్వు."

"నేను లోపల తాగాను."

"ఒట్టు?"

"ఒట్టు."

బైచన్న గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని, "తియ్యగా ఉండాయే నీళ్లు" అన్నాడు. అన్నవాడు అన్నట్టే వంగిపోయాడు. చొక్కా కుప్పగా కూలింది. తలగుడ్డ చుట్టలు చుట్టలుగా నేల మీద పడింది. ఆ చుట్టల్లో ఏదో కదిలింది. గుడ్డ తోసుకుని ఒక కాకి బయటికొచ్చింది. దాని చెవి దగ్గర ఈకలకు నెత్తురు అంటి ఉంది. అది తల పక్కకు వాల్చి గండమనాయకుణ్ని చూసింది, చెప్పమన్నట్టు.

"పిండం ముట్టుకోవాలి," అన్నాడు గండమనాయకుడు. కాకి ఎగిరి అతని భుజాన వాలింది.

తిరుగుదారిలో అతను వెనక్కి చూడలేదు. పుట్టి ఎక్కి, వెదురుబొంగు తెడ్డుగా చేసుకుని తోశాడు. ఎక్కింది ఒక మనిషి, ఒక కాకి. పుట్టి మాత్రం ఇద్దరు మనుషుల బరువుకు దిగినట్టు దిగింది. ఎదురుగా ఖాళీగా ఉన్న చోట వెదురు పేళ్లు కిర్రుమన్నాయి, ఎవరో సర్దుకు కూర్చున్నట్టు. సుడి దగ్గర నీళ్లు వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి. ఏరు కూడా ఆ పుట్టిని ముట్టుకోలేదు.

రేవులో అప్పటికే పొయ్యి పేర్చారు. ఇత్తడి గంగాళంలో నూనె పోస్తున్నారు. గది తలుపు తెరుచుకుని తడిబట్టలతో గండమనాయకుడు వచ్చాడు. ఉన్నచోటి నుంచి కదలనివాడిలా నెమ్మదిగా మెట్లు దిగి, కొత్త పిండం చేతిలోకి తీసుకుని ఆకు మీద పెట్టాడు.

మంటపం కప్పు మీంచి ఒక కాకి దిగింది. పిండం దగ్గర నిలబడి ముక్కుతో పొడిచి తింది.

"ముట్టింది!" అని పురోహితుడు కేకేశాడు. "ముట్టింది, ముట్టింది!" అని రేవంతా హోరెత్తింది. శంఖాలు, భేరీలు, అరుపులు. మంత్రి బొప్పన కళ్లు తుడుచుకున్నాడు. నూనె గంగాళాన్ని పక్కకు లాగేశారు. చింతతోపులో కాకులన్నీ గుప్పున లేచి, ఒక్క కూతైనా కూయకుండా కొండల వైపు ఎగిరిపోయాయి.

విరజాజి మాత్రం కదల్లేదు. "ఇది కావుమనలేదు," అంది.

"ఏంటి తల్లీ?"

"కాకి ఒంటరిగా తినదు. ముద్ద కనపడితే ముందు కావుమని తనవాళ్లను పిలుచుకుంటుంది, ఆ తర్వాతే ముక్కు పెడుతుంది. ఇది పిలవలేదు. ఇది కాకుల్లో పుట్టిన కాకి కాదు."

"ఆకలి మీదుందేమోనమ్మా," అన్నాడు పురోహితుడు. "శాస్త్రంలో ముట్టుకోవాలనే ఉంది గానీ కూయాలని లేదు." అని గబగబా ఉత్తరీయం సర్దుకున్నాడు. రాగిపళ్లెంలో కిరీటం వచ్చేసింది. పొద్దు కొండల మీదికి వంగింది.

తిన్న కాకి ఎగిరిపోలేదు. వచ్చి గండమనాయకుడి పాదాల దగ్గర నిలబడి మొహంలోకి చూస్తోంది. చెప్పిన పని చేశాను, ఇంకేం అన్నట్టు.

"మామా," అంది విరజాజి, "బైచన్న ఏడీ? నీ నీడలా ఉంటాడు, పొద్దుటి నుంచీ కనపడడేం?"

"పనిమీద పంపాను," అన్నాడు గండమనాయకుడు. ఆ వెంటనే, "కర్మ అయిపోయింది. ఆ కాకిని తోలండి" అన్నాడు.

ఒక భటుడు రాయి విసిరాడు. అది కాకి రెక్కకు తగిలింది. రాయి విసిరింది ఎవరి మాట మీదో ఆ కాకికేం తెలుసు! కుంటుకుంటూ వచ్చి గండమనాయకుడి ఉత్తరీయం కిందికే దూరింది. అతని పక్కటెముకలకు ఆనుకుని ఆ చిన్న గుండె టకటకా కొట్టుకుంటోంది.

"తల వంచండి ప్రభూ," అన్నాడు బొప్పన. గండమనాయకుడు వంచాడు. కిరీటం తల మీద కూర్చుంది. ఇక రాజు. ఇక చెప్పొచ్చు. పదిమందీ ఉన్నారు, పొద్దు ఇంకా మిగిలే ఉంది. నోటిదాకా వచ్చింది మాట. నెమళ్లు మెరుస్తున్న బురుజులు చూశాడు, సాష్టాంగపడుతున్న జనాన్ని చూశాడు. సగమే చెప్తే చాలదా అనిపించింది. పెదవులు కదిలీ కదలకుండా, "బైచా" అన్నాడు.

ఉత్తరీయం కింద నుంచి రేవంతా వినపడేలా మనిషి గొంతు పలికింది. "అన్నా! ఆ నీళ్లు తాగినాక ఏందో అయింది నాకు. చేతులు కనపడ్డల్యా. చీకటి పడతాండాది, ఇంటికి పోదాం పా అన్నా."

శంఖాలు ఆగిపోయాయి. పళ్లెం పట్టుకున్నవాడు పళ్లెం వదిలేశాడు. అది మెట్టుమెట్టుకీ మోగుతూ ఏట్లోకి పోయింది.

విరజాజి ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది. "బైచన్నకు ఏం నీళ్లిచ్చావు మామా? మా నాన్న అడిగితే ఏమిచ్చావు?"

గండమనాయకుడు తలెత్తాడు. రాజుగా అతని నోటి నుంచి మొదటి మాట వచ్చింది. "కాకి కూసింది. విన్నారుగా. కావుమంది."

అతను ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. పురోహితుడు తల దించుకుని, "కావుమంది" అన్నాడు. భటులు, "కావుమంది ప్రభూ" అన్నారు. కాలవ తవ్విస్తానని మాటిచ్చిన ఆ పెద్దమనిషి బొప్పన కూడా చివరికి కళ్లు మూసుకుని, "అవును, కావుమంది" అన్నాడు.

"నాకు చెవుడే," అంది ముసలి దేవసాని కర్ర నేలకేసి కొడుతూ. "అయినా ఆ గొంతు మాత్రం వినపడింది. మీ చెవులకేం రోగం వచ్చిందిరా?"

ఆ మాట ముగిసేలోపే విరజాజి చెయ్యి చాచి ఉత్తరీయం లోంచి కాకిని లాక్కుంది. భటులు అడ్డం వచ్చారు. ఒకడి మీదికి పూజచెంబు విసిరింది, ఇంకొకణ్ని నూనె గంగాళం మీదికి తోసింది. చిందిన నూనె మీద నలుగురు జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. విరజాజి ఒక్క గెంతులో రేవు పక్క తుంగలో ఉన్న పుట్టిలోకి దూకి కాలితో ఒడ్డును తన్నింది. ప్రవాహం పుట్టిని అందుకుంది.

పొద్దు గోరంత మిగిలింది. గూబలగండి వైపు నుంచి నల్లటి మబ్బు ఒకటి లేచింది. మబ్బు కాదది, రెక్కలు. చప్పుడు లేకుండా ఏటి మీదుగా పుట్టి వైపే వస్తోంది.

గండమనాయకుడు మోకాటిలోతు నీళ్లలోకి పరుగెత్తాడు. ఒక్క మాట చాలు. పదిమందీ వెనకే ఉన్నారు, వింటారు. నీటి మీద నుంచి బైచన్న గొంతు తేలివచ్చింది.

"అమ్మణ్ణీ, అన్న ఎక్కలేదే! ఆగమ్మా, అన్నని ఎక్కించుకుందాం. గూబలొస్తాండాయి, అన్న ఒక్కడే అయిపోతాడు."

ఆ గొంతు వస్తున్న పుట్టి మీదే చూపు నిలిపి, గండమనాయకుడు నోరు తెరిచాడు.

"విల్లు తెండి," అన్నాడు.